మా ఆవిడ కేసులో నేను దుబాసీని

వకీలును పెట్టుకోకుండా ఎవరి కేసు వాళ్లే కోర్టులో చెప్పుకోవచ్చునన్న సంగతి నాకు ఖరగ్‌పూర్ గ్రంథాలయంలో తెలిసింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో కాపురమున్న రోజుల నుంచీ నేను ఆ గ్రంథాలయానికి వెళ్తున్నాను. అక్కడ న్యాయశాస్త్రం పుస్తకాలు హోమియోపతి బీరువాలోనే కింది అరలో ఉంటాయి. పై అరలు పూర్తిచేసి కింది అరకు దిగాను. పదో తరగతితో చదువు ఆపి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన మనిషిని. బెంగాలీ చదవడం, ఇంగ్లీషు చదవడం పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నాను. గొప్పకోసం చెప్పడం లేదని రాద్దామనుకున్నాను కానీ, కొంత గొప్పకోసమే చెబుతున్నాను.

ఆ కింది అరలో నాకు ప్రాణం లేచివచ్చిన సంగతులు రెండున్నాయి. తన మాట తానే చెప్పుకునే హక్కు ఒకటి. జడ్జి అన్నవాడు ఎటు పక్కకీ మొగ్గకూడదన్నది రెండోది. తన బంధువు కేసు వస్తే జడ్జి దాన్ని ముట్టుకోకూడదట. ముట్టుకోకపోవడమే కాదు, ముట్టుకున్నట్టు జనానికి అనిపించకూడదట. ఇది చదివిన రోజు నేను ఇంటికి వచ్చి మా ఆవిడకి వివరించాను. ఆవిడ పప్పు రుబ్బుతూ, "అయితే మీ పిన్ని కొడుకు తగువులో మీరేల తీర్పు సెప్పినారు?" అంది. దానికి సమాధానం వెతకడానికి మర్నాడు మళ్లీ గ్రంథాలయానికి వెళ్లాను.

రిటైరయ్యాక తాల్‌బగీచాలో చిన్న ఇల్లు కొనుక్కున్నాం. మా ఆవిడ ఇడ్లీ బండి పెట్టింది. పొద్దున్నే సుభాష్‌పల్లి మలుపులో బండి నిలిపితే, వర్క్‌షాపుకు వెళ్లేవాళ్లూ, ట్యూషన్లకు వెళ్లే పిల్లలూ, ఉదయపు నడకకు వచ్చే పెద్దమనుషులూ చుట్టూ మూగుతారు. ఆవిడ సాంబారు పోయడంలో తెలుగని, బెంగాలీ అని చూడదు. ఆ మలుపులో ఆవిడకి 'ఇడ్లీ దీదీ' అని పేరు.

ఆ తోపుడు బండికి చక్రాలు నేనే వేశాను. ఇనప చక్రాలు. పాతసామాను దుకాణంలో ఏరి తెచ్చి, ఇరుసు కుదిర్చి, నా చేత్తో బిగించాను. మా వర్క్‌షాపు వాళ్లెవరూ రబ్బరును నమ్మరు. మా ఇళ్లలో పెరటి తలుపు గడియ నుంచి ఉయ్యాల కొక్కెం దాకా బోగీని మోసేంత గట్టిగా ఉంటాయి. ఇనప చక్రానికి పంచరు ఉండదు, గాలి కొట్టక్కర్లేదు, మనవలదాకా నడుస్తుంది. చప్పుడు అవుతుందనేది నాకు తోచలేదు. రోజంతా చప్పుడులో బతికిన చెవులు అవి.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఇటుకలు పరిచిన సందు ఒకటుంది. ముందు వైపు మెట్లూ కాలవా ఉన్నాయి కాబట్టి బండి బయటికి రావాలంటే ఆ సందే దారి. పక్కింట్లో ఉన్నది రిటైరైన బెంగాలీ మాస్టారు, భూగోళం చెప్పేవారు. ఆయనకు రాత్రి నిద్రపట్టదు, తెల్లవారుజామున కాస్త కునుకు పడుతుంది. ఆయన కిటికీ ఆ సందులోకే ఉంది.

ఒకరోజు ఆయన గోడ మీంచి నన్ను పిలిచి, "మోశాయ్, యెటా ఠేలా, నా మాల్‌గాడీ?" అన్నారు. ఏమండీ, ఇది తోపుడు బండా, గూడ్సు బండా అని. నేను నవ్వి, ఇనప చక్రాల లాభాలు చెప్పాను. మళ్లీ కొన్నాళ్లకు అడిగితే మళ్లీ చెప్పాను, ఈసారి ఇంకా వివరంగా.

మాస్టారిని దాదా, అంటే అన్నయ్యా, అని పిలిచే మా ఆవిడ అంది, "ఏటండీ, ఆ దాదా మంచిగా సెప్పినాడు కదా. రబ్బరు సెక్రాలు ఎయ్యరాదా?"

"మారుస్తాన్లే."

"ఎప్పుడు?"

"ఈ పుస్తకం అవనీ."

పుస్తకం అయ్యేలోపు మాస్టారు సందు చివర ఇనప గేటు పెట్టించి తాళం వేశారు. ఆయన నిద్రలేచి తాళం తీసేసరికి టిఫిన్ల వేళ దాటిపోయేది. మా ఆవిడ గిన్నెలన్నీ టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, ఎక్కించి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. గుంటలో చక్రం పడ్డప్పుడల్లా సాంబారు ఆవిడ చీర మీద పడేది. కూర్చోడానికి బల్ల లేదు, పొయ్యికి చోటు లేదు, ఇడ్లీలు చల్లారిపోయేవి. జనం తగ్గారు. "ఇలాగైతే బండి మానేసుకోవాలి," అని ఒకరోజు మెల్లగా అంది. మా ఆవిడ ఏదైనా మెల్లగా అందంటే అది నిజం.

నేను దావా వేశాను. స్వయంగా రాశాను. దారి హక్కు మీద, పౌరుల స్వేచ్ఛ మీద, నాగరికతలో రహదారి పాత్ర మీద రాశాను. ఆ దావాలో ఇడ్లీ అన్న మాట ఆఖరి పేజీలో ఉంది. చక్రాల ఊసు ఎక్కడా లేదు.

మా కేసు ఎవరి కోర్టులో పడిందో ముందుగా తెలుసుకున్నది మా వర్క్‌షాపు నేస్తం. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పాత క్వార్టరుకు ఎదురుగా ఉంటాడు, నన్ను బావా అంటాడు. సైకిలు స్టాండు వెయ్యకుండానే అరిచాడు.

"బావా! నీ కేసు అయిపోయినట్టే! జడ్జమ్మ మనమ్మాయే!"

"మనమ్మాయంటే?"

"తెలుగమ్మాయి! ఇక్కడే ఎక్కడో పుట్టి పెరిగిందట. మా వదినోళ్ల పిన్నిగారి ఊరోళ్లని అంటున్నారు."

"జడ్జికి ఊరు ఉండదు బావా," అన్నాను. ఇది కింది అర చదువు.

"ఊరు నేకుండా ఎలాగ పుడతాదిరా?" అన్నాడు వాడు.

ఈ ఊళ్లో మాకొక అలవాటుంది. ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ముందు ఏ ఊరని అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు. మూడో మాటకి వరస తేలిపోతుంది. వరస తేలాక ఇక టీ ఇవ్వకుండా పంపరు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్లం. ఇక్కడ బంధువుల్ని అలాగే తయారుచేసుకున్నాం. ఆ వారంలో జడ్జమ్మకు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎంతమంది మేనమామలు తేలారో ఆవిడకే తెలిసి ఉండదు. ఒకాయన నాతో, "మా తోడల్లుడి సెల్లెలు కూతురవుద్ది, ఒక మాట సెప్పించమంటావా?" అన్నాడు. నేను కోప్పడి పంపేశాను. లోపల మాత్రం కొంచెం ధైర్యంగానే ఉంది.

వాయిదా రోజున లోకల్ రైలెక్కి నది దాటి మేదినీపూర్ కోర్టుకు వెళ్లాం. మేనల్లుడి పెళ్లికి కుట్టించుకున్న నల్లకోటు వేసుకున్నాను. మా ఆవిడను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్తే, కోర్టు హాల్లో ఇద్దరు ముగ్గురు నన్ను వకీలనుకుని నమస్కారం పెట్టారు. నేను ఖండించలేదు.

జడ్జమ్మ నిజంగానే చిన్నమ్మాయి. మా దావా తిరగేసింది, ఇంటి దస్తావేజు తిరగేసింది. తర్వాత బెంగాలీలో అడిగింది:

"ఈ ఇల్లు ఎవరిది?"

"నాదేనండీ," అన్నాను.

"దస్తావేజు మీద మీ భార్య పేరు ఉంది."

కొన్నప్పుడు ప్రేమకొద్దీ ఆవిడ పేరు మీద రాయించాను. భార్యాభర్తలు వేరుకాదు కదా అని దావా నా పేరు మీద వేశాను. ఆ మాటే చెప్పాను.

"కాపురంలో వేరు కాదు, కోర్టులో వేరు," అంది జడ్జమ్మ. "దావా ఆమె వెయ్యాలి. బండి కూడా ఆమెదే కదా?"

"అయితే ఆవిడ తరపున నేను వాదిస్తానండీ. తన మాట తాను చెప్పుకునే హక్కు ప్రతివాళ్లకీ ఉంది."

"ఉంది. తన మాట. మీరు చెప్పబోయేది ఆమె మాట. ఇంకొకరి తరపున వాదించాలంటే వకీలై ఉండాలి." కోటు వైపు ఒకసారి చూసింది. "ఆమెకు కావాలంటే ఉచితంగా వకీలును ఇప్పిస్తాం. లేదా ఆమే చెప్పుకోవచ్చు."

ఈ ముక్క కింది అరలో ఉండే ఉంటుంది. నేనే ఆ పేజీని వేరే ఉత్సాహంలో దాటేసి ఉంటాను. తిరుగు రైల్లో మా ఆవిడకు వకీలు సంగతి చెప్పాను.

"నా బండి సంగతి సెప్పడానికి ఇంకో మనిషి దేనికి? నేను సెప్పనేనా?" అంది కిటికీలోంచి నదిని చూస్తూ.

దావా ఆవిడ పేరు మీదకు మారింది. మళ్లీ వాయిదా వచ్చింది. నేను ఆవిడకు శిక్షణ ఇచ్చాను. ఎలా నిలబడాలో, ఎలా మొదలుపెట్టాలో, ముఖ్యంగా ఏమి మాట్లాడకూడదో. ఆవిడ అన్నిటికీ తలూపింది. పెళ్లైన నాటి నుంచీ ఆవిడ తలూపడానికి అర్థం నాకు సరిగా తెలియదు.

కేసు పిలిచారు. పక్కింటి మాస్టారు తన వకీలుతో ఒకవైపు కూర్చున్నారు. మా ఆవిడ ముందుకు వెళ్లి, జడ్జమ్మను ఆప్యాయంగా చూసి, నోరారా అడిగింది:

"ఏ ఊరమ్మా మీది?"

కోర్టు గుమాస్తా పేష్కారు రాస్తున్న కలం ఆగింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. జడ్జమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. బెంగాలీలోనే అంది: "ఈ గదిలో నాకు ఊరు లేదమ్మా. గేటు సంగతి చెప్పండి."

అప్పుడు మాస్టారు, వకీలు చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినకుండా లేచారు. "హుజూర్, మీమీద నాకు అనుమానం లేదు. కానీ మీరిద్దరూ ఒక భాషవాళ్లు. నా గురించి ఏమి చెబుతున్నారో నాకు అర్థం కాదు. నేను నా ఊళ్లోనే పరాయివాణ్ణి అయిపోతాను."

నిజం చెప్పాలంటే అది నా కింది అరలో మాటే. ఆయన నోట వినేసరికి, తెలుగు జడ్జి అని లోపల ధైర్యపడినందుకు సిగ్గేసింది.

"మీరు అడిగింది సబబే," అంది జడ్జమ్మ. "నా మాతృభాష తెలుగు. ఈవిడ నాకు తెలియదు, ఏ బంధుత్వమూ లేదు. నేను వినడం మీకు ఇష్టంలేకపోతే ఇప్పుడే చెప్పండి, కేసు వేరే కోర్టుకు పంపమని రాస్తాను. విన్నట్టయితే మాత్రం, మీకు అర్థంకాని ఒక్క మాట కూడా నేను అర్థమైనట్టు లెక్కలోకి తీసుకోను."

మాస్టారు వకీలుతో గుసగుసలాడి, అభ్యంతరం లేదన్నారు.

"అమ్మా, బెంగాలీలో చెప్పగలరా?" అని జడ్జమ్మ మా ఆవిడను అడిగింది.

మా ఆవిడకు బెంగాలీ వచ్చు. కానీ తెలుగులోనే అంది: "బెంగాలీలో ఇడ్లీలు అమ్మగలను గాని, దెబ్బలాడనేనమ్మా."

ఆ పూట కోర్టులో తెలుగు దుబాసీ లేడు. మాస్టారి వకీలు నా కోటు చూసి నవ్వి, "భర్తగారు ఉన్నారుగా, మాకు అభ్యంతరం లేదు. తప్పు చెబితే మేడమ్‌కు తెలుస్తుంది," అన్నాడు. నాచేత ప్రమాణం చేయించారు. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఏమీ కలపకుండా, ఏమీ తీయకుండా చెబుతానని. వాదించడానికి వెళ్లినవాణ్ణి, ఏ పక్కా లేకుండా నిలబడాల్సి వచ్చింది. జడ్జమ్మ ఒక్కతే అలా ఉండాలనుకున్నాను అంతవరకూ.

మా ఆవిడ మొదలుపెట్టింది. "ముందే సెప్పేస్తున్నాను. ఆ దాదా సెడ్డోడు కాదు."

నేను బెంగాలీలో, "ప్రతివాది ప్రవర్తన గురించి ఈమె ఏమంటున్నదంటే..." అని దీర్ఘం తీశాను.

"ఆమె అంతసేపు అనలేదు," అంది జడ్జమ్మ.

"ఆ దాదా చెడ్డవాడు కాదంటోంది," అన్నాను. మాస్టారు తలెత్తి చూశారు.

"ఆయనకి రాత్రల్లా నిద్దర పట్టదు. తెల్లారగట్ల కునుకు పడతాది. సరిగ్గా అప్పుడే మా బండి బయల్దేరతాది. ఆ ఇనప సెక్రాలు ఇటికల మీద పడినాయంటే ఈధిలో కుక్కలన్నీ లెగుస్తాయి."

మన వైపు బలహీనపడుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. "తెల్లవారుజామున బండి బయల్దేరినప్పుడు కొంచెం చప్పుడు అవుతుందట," అన్నాను.

"కుక్కలేమయ్యాయి?" అని అడిగింది జడ్జమ్మ.

కుక్కల్ని కూడా లేపాను. హాల్లో వెనక బెంచీల వాళ్లు నవ్వారు.

"ఆ సెక్రాలు నేను ఎట్టినవి కావమ్మా. ఈ మనిషి ఎట్టినాడు. సర్వీసంతా రైలు సెక్రాలు సూసి సూసి, ఇడ్లీ బండికీ అయ్యే ఎట్టినాడు. దాదా అడిగితే పాఠం సెప్పినాడు. నేను అడిగితే పుస్తకం అవనీ అన్నాడు. ఇంటి నిండా పుస్తకాలే, ఒక్కటీ అవదు."

నేను కోటు గుండీ పెట్టుకుని మళ్లీ విప్పాను. జడ్జమ్మ వేచి ఉంది. పేష్కారు వేచి ఉన్నాడు.

"'ఈ మనిషి' అన్నది మీరేనా?" అని అడిగింది.

"అవునండీ."

"చెప్పండి మరి."

చెప్పాను. నా గురించి నేను, పరాయి భాషలో, ప్రమాణం చేసి, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. పుస్తకాలు అవవన్న ముక్కతో సహా. మాస్టారు మొదటిసారి నవ్వారు. తర్వాత తప్పనుకున్నారేమో దగ్గారు.

అప్పుడు మా ఆవిడ కొంగు సర్దుకుంది. ఇంతసేపూ ఉన్న హుషారు గొంతులోంచి పోయింది.

"దాదా నిద్దర దాదాదే. నేనేటి కాదన్ను. కాని ఆ సందు ఇద్దరిదీ. కొన్నప్పుడు కాయితంలో అలాగే రాసినారు. ఆయన తాళం ఏసేస్తే నా బండి లోపలే ఉండిపోతాది. టోటో మీద ఎల్తే సగం సాంబారు దారిలోనే పోతాది. జనాలు రావడం మానేస్తున్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే అయితే బండి తీసేయాల. ఇన్నేళ్లూ ఈ మనిషి పనికెల్తే నేను ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు నాకంటూ పొద్దున్నే లెగిసి ఎల్లడానికి ఒక సోటు ఉంది. అది పోతే నేను లెగిసి ఏటి సెయ్యాలమ్మా?"

ఇక్కడ కలపడానికి నా దగ్గర చాలా ఉంది. దారి హక్కు మీద కంఠతా వచ్చిన వాక్యాలున్నాయి. ఒక్కటీ కలపలేదు. ఆవిడ చెప్పినంతే చెప్పాను. ఆ ఆఖరి ప్రశ్న చెప్పేముందు మా ఆవిడ వైపు తిరిగి చూశాను, జడ్జమ్మ తొందరపెట్టలేదు. ఆ మాట మా ఆవిడ నాతో ఇంట్లో ఎప్పుడూ అనలేదు. నేనెప్పుడూ అడగలేదు కూడా.

మాస్టారు మళ్లీ లేచారు. ఈసారి వకీలు ఆపలేదు. "బండి ఆగిపోవాలని తాళం వెయ్యలేదు హుజూర్. చక్రాలు మారతాయేమోనని వేశాను. ఇంత దూరం వచ్చిందని దీదీ నాతో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన మాత్రం నేను అడిగినప్పుడల్లా ఉపన్యాసం చెప్పారు."

"ఇది ఆమెకు తెలుగులో చెప్పండి," అంది జడ్జమ్మ నాతో.

మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు బెంగాలీ తెలుసమ్మా. ఇది మళ్లీ ఈయన సేత సెప్పించక్కర్నేదు."

ఆ మాట కూడా బెంగాలీలో చెప్పాల్సింది నేనే.

ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది. కేసు తేలేవరకూ తెల్లవారుజాము నుంచి గేటుకు తాళం ఉండకూడదు. వాది తన బండికి చప్పుడు చెయ్యని చక్రాలు వేయించాకే ఆ సందులో నడపాలి. జడ్జమ్మ అది చదువుతూ ఒకసారి మాస్టారి వైపు చూసింది, ఒకసారి మా ఆవిడ వైపు చూసింది. చక్రాల ముక్క దగ్గర నా వైపు చూసింది.

ఖరగ్‌పూర్ స్టేషన్లో దిగేసరికి మా నేస్తం ప్లాట్‌ఫారం మీదే కాచుకుని ఉన్నాడు. "ఏటి సెల్లెమ్మా, మనమ్మాయి గెలిపించేసిందా?"

"ఆయమ్మ నన్ను గెలిపించనేదన్నయ్యా. సెక్రాలు కూడా మార్చుకోమంది."

"అదేటి! మనోళ్లై ఉండి?"

"మనోళ్లయ్యుంటే దాదా ఒప్పుకునేవోడా? రేపు గోడ మీంచి మొహం సూడాల్సింది నేనే కదా," అంది. నాలుగడుగులు వేశాక ఆగి, "ఊరు మాత్రం ఆఖరికీ సెప్పనేదు," అంది బాధగా.

చక్రాలు నేనే మార్చాను. గ్రంథాలయానికి వెళ్లకుండా మార్చాను. మొదటి రోజు పొద్దున్న బండి సందులోకి దిగితే పిల్లి నడిచినట్టుంది. గేటు దగ్గర మాస్టారు శాలువా కప్పుకుని నిలబడి ఉన్నారు. చప్పుడు వస్తుందేమోనని ఎదురుచూస్తూ పడుకోనే లేదట. గేటు రెక్క ఆయనే పట్టుకున్నారు. బండి పక్కనుంచి వెళ్తుంటే వంగి చక్రాలు చూసి, "భాలో," అన్నారు, బాగుందని.

"దాదా, ఎల్లి పడుకోండి," అంది మా ఆవిడ బెంగాలీలో. అమ్మడానికి కాకుండా ఆవిడ బెంగాలీ మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

సందు దాటాక, ఇది మధ్యంతర ఉత్తర్వు మాత్రమేననీ, తుది తీర్పులో దారి హక్కు పూర్తిగా తేలాల్సి ఉందనీ, ఈసారి ఆవిడ ఏ విషయం నొక్కి చెప్పాలో నేను వివరించడం మొదలుపెట్టాను.

"ఏటండీ," అంది బండి ఆపకుండానే. "సాంబారు సల్లారిపోతాది. మాటలాపి ఎనకనుండి తొయ్యండి."

తోశాను. బండి తేలిగ్గా కదిలింది. మలుపులో అప్పటికే ఇద్దరు ముగ్గురు గిన్నెలు పట్టుకుని నిలబడి, మా వైపే చూస్తున్నారు.